కోడలు కొట్లాడుతలేదు

మందమర్రి గని కార్మికుల కాలనీలో, దశరథం ఇంట్లో మామాకోడళ్ళ కొట్లాట మొదలైందంటే పక్క క్వార్టర్ వాళ్ళు టీవీ సౌండు తగ్గించుకుని మరీ వినేవాళ్ళు. బాయిలోకి, అంటే భూగర్భ గనిలోకి దిగి, బొగ్గు టబ్బులు నింపే పనిలో వయసంతా గడిపి రిటైరైన దశరథానిది పెద్ద గొంతు. ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్పే కోడలు రోజారాణిది అంతకన్నా పెద్ద గొంతు. మామ బీడీ ఇంట్లోనే ముట్టించాడని ఒకరోజు, బీర పాదుకు నీళ్ళు పోసి పోసి వేరు కుళ్ళబెడుతున్నాడని ఇంకోరోజు, వార్తల్లో ఎవరో అన్న మాట మీద మరోరోజు. మాటకు మాట అనుకుని గొంతులు ఎండిపోయాక ఆమె చాయ్ పెట్టేది. ఆయన ఊదుకుంటూ తాగి, "చక్కెర తక్కువైంది" అనేవాడు. అక్కణ్ణుంచి మళ్ళీ మొదలు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపే ఓదెలు ఆయనకు కొడుకు, ఈమెకు భర్త. ఇద్దరిలో ఎవరి వైపు మాట్లాడినా తనకే తగులుతుందని తెలిసి కంచం ఖాళీ చేసి లేచిపోయేవాడు. అత్త కాలం చేసిన ఆ ఇంట్లో సందడంటే ఆ కొట్లాటే.

అలాంటి ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది.

మొదట వచ్చింది తలనొప్పి. కూతురు దీపిక పుట్టిన కొన్నాళ్ళకు ఒక పక్క కణతలో మొదలైంది. వచ్చిన రోజు వెలుతురు చూడలేకపోయేది, పోపు వాసనకే వాంతయ్యేది. మరునాటికి తగ్గిపోయేది కాబట్టి రోజారాణి దాన్ని లెక్కచేయలేదు. ఏళ్ళు గడిచాక మెడ పట్టేసింది. మెడ నుంచి భుజాలకు, అక్కణ్ణుంచి నడుముకు, తుంటికి పాకింది. పొద్దున లేచేసరికి ఒళ్ళంతా ఎవరో రాత్రంతా రోకలితో దంచినట్టుండేది. ఆపైన దవడ. ముద్ద నమిలితే చెవి దాకా సలిపేది. కడుపులో ఎప్పుడూ ఏదో మెలిపెడుతున్నట్టుండేది.

ఓదెలు ఖాళీగా కూర్చునే మనిషి కాదు. సెలవు దొరికినప్పుడల్లా బండి మీద ఎక్కించుకుని తిప్పాడు. ఎముకల డాక్టరు మెడకు పట్టీ వేశాడు. తల డాక్టరు స్కానింగు తీయించాడు. కడుపు డాక్టరు గొట్టం వేసి చూశాడు. పళ్ళ డాక్టరు, ఆడవాళ్ళ డాక్టరు, అందరూ అయ్యారు. ఎవరికి వాళ్ళు తమ వంతు చూసి, గోలీలు రాసి, మిగతాది తమది కాదన్నారు. రిపోర్టులన్నీ నార్మల్. ఆ మాట విన్నప్పుడల్లా ఓదెలు ముఖం విప్పారేది. "ఏం లేదంట, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కణ్ణుంచి వస్తోందని ఆమె అడగలేదు. అడిగితే ఇంకో స్కానింగు అంటాడు. అంతకు మించి ప్రేమ చూపించే దారి ఆ మనిషికి తెలియదు.

పిల్లల గోలకు తలనొప్పి ఆగడం లేదని బడి మానేసింది. నొప్పి గోలీ ఇప్పుడు అన్నం లాగే రోజూ కావాల్సి వచ్చింది. ఒక్కో పొద్దున కళ్ళు తెరిచి, గోడ వంక చూస్తూ పడుకునేది. లేచి జడ వేసుకోవాలన్నా, అవతలి గదిలో కూతురు ఏదో అడిగితే బదులివ్వాలన్నా, అది ఎవరికో చెప్పిన పనిలాగా దూరంగా ఉండేది. ఏడుపు వచ్చినా బాగుండేది. అదీ రాలేదు. చూడొచ్చిన వాళ్ళు "రంది పెట్టుకున్నది" అని గుసగుసలాడుకుని పోయేవాళ్ళు. దేనికి రంది? మొగుడు మంచివాడు, పిల్ల చదువుకుంటోంది, ఇల్లు గడుస్తోంది. రంది పడడానికి కారణం కూడా లేని దాన్నని ఆమెకు తన మీద తనకే రోత కలిగేది.

ఒక మధ్యాహ్నం దశరథం వచ్చి సరిగ్గా ఆమె మంచం ఎదుట కుర్చీ వేసుకుని బీడీ ముట్టించాడు. పొగ ఆమె వైపే వదిలాడు. ఓరగా చూశాడు. మామ తనను కవ్విస్తున్నాడని రోజారాణికి అర్థమైంది. అనాల్సిన మాట నోటి దాకా వచ్చింది కూడా. దాన్ని బయటికి అనడానికే ఒంట్లో సత్తువ లేదు. కళ్ళు మూసుకుంది.

"ఏంది బిడ్డా, ఏమంటలేవు?"

"ఏం లేదు మామా. తలకాయ నొస్తుంది."

దశరథం బీడీ ఆర్పేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే బీర పాదు వేళ్ళతో సహా పెళ్ళగించి పడి ఉంది. పందికొక్కు పని అన్నాడు మామ. ఆమె కిటికీలోంచి చూసి ఊరుకుంది.

దశరథం అక్క కనకవ్వ అదే కాలనీలో రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమె వచ్చి రోజారాణి తల నిమిరి, వాకిట్లో తమ్ముడితో గట్టిగానే అంది. చెవుడు కాబట్టి ఆమెకు గుసగుస తెలియదు. "కాయితాలల్ల ఏం లేదంటుండ్రు, ఇంకేముంటదిరా? గాలి సోకింది. కొండగట్టుకు తోల్కపో. స్వామి తాన నాలుగొద్దులు ఉంచుండ్రి, అదే నయమైతది."

లోపల వింటున్న రోజారాణికి కోపం రాలేదు. కొండగట్టు ఆంజనేయస్వామి అంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ భక్తే. ఎక్కడికి తీసుకుపోయినా ఒకటే అనిపించింది. ఓదెలుకు సెలవు దొరక్కపోవడంతో మామాకోడళ్ళు ఇద్దరే బస్సెక్కారు.

దర్శనం అయింది. కిందికి దిగుతుంటే మెట్ల మధ్యలో రోజారాణికి తుంటి పట్టేసింది. పక్కకు జరిగి కూర్చుంది. కోతులు కొబ్బరి చిప్పల కోసం కొట్లాడుకుంటున్నాయి. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. దశరథం రెండు మెట్లు కిందికి దిగి, ఎవరూ ఆమెను తొక్కకుండా అడ్డంగా కూర్చున్నాడు. ఆయన వీపు తన వైపు ఉండడం వల్లనేమో, ఆ మాట సులువుగా వచ్చేసింది.

"మామా, నాకు బతుకబుద్ధైతలేదు."

ఆయన తిరగలేదు. ఆమె ఆగలేదు. "పొద్దుగాల లేస్తె ఎందుకు లేసిన్నా అనిపిస్తుంది. నేను లేకుంటె మీరందరు జర నిమ్మలంగుంటరు. మొక్కుకుంట గూడ గదే అడిగిన."

దశరథం చేతిలోని కొబ్బరి చిప్పను నేలకేసి కొట్టి, ముక్క తీసి, చొక్కాకు తుడిచి ఆమెకిచ్చాడు. అప్పుడు తిరిగి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్న బిడ్డా. గా మాట కడుపుల దాసుకోకుండ నాతోని అన్నవు. మంచి పని చేసినవు." లేచి ధోవతి దులుపుకున్నాడు. "స్వామికి మొక్కినం, అయిపోయింది. ఇప్పుడు ఇంటికి పోం. కరీంనగర్ పోదాం పా."

"ఇంకో డాక్టరా?"

"ఇంకో డాక్టరే."

"ఆయన గూడ నార్మల్ అంటడు మామా."

"అననీ. అన్నంక ఇంకొకల తాన్కి పోదాం. నాకేం పని, రిటైరైనోణ్ని."

కొండ కింద నిలబడి సర్దార్‌కు ఫోను చేశాడు. సర్దార్ ఆయనతో పాటు బాయిలో పనిచేసినవాడు. రిటైరయ్యాక కరీంనగర్‌లో కొడుకు దగ్గర స్థిరపడ్డాడు. అతని భార్య సుల్తాన్ బీ కూడా కొన్నేళ్ళు ఇలాగే ఒళ్ళు నొప్పులని మంచం పట్టి, ఎవరికో చూపించుకుని లేచిందని దశరథానికి తెలుసు. ఫోను పెట్టేసి, "రమ్మంటుండు" అన్నాడు అంతే.

బస్సు నిండా ఆడవాళ్ళే. వాళ్ళకు టికెట్టు లేని ప్రయాణం వచ్చినప్పటి నుంచి మగవాళ్ళకు సీటు దొరకడం గగనమైంది. దశరథం ఒక పెద్దావిడను బతిమాలి కోడలికి చోటు ఇప్పించి, తాను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. దారి పొడుగునా ఒక చెయ్యి మార్చి ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుంటున్నాడు. రోజారాణి అది చూసింది. మామకు నడుము నొప్పి ఉందని ఆమెకు అంతవరకూ తెలియదు.

సుల్తాన్ బీ గడపలోనే ఎదురొచ్చింది. భారీ మనిషి. మోకాళ్ళు సహకరించక పక్కకు ఒరుగుతూ నడుస్తుంది. రోజారాణి గడ్డం పట్టి ముఖం పైకెత్తి చూసి, "అరె, తలకాయ నొస్తుంది గదా నీకు? కండ్లల్ల కనవడ్తుంది. ముందుగాల పండుకో బేటీ. మాటలు యాడికి పోవు" అంది.

తలుపులు మూసిన గది, కూలరు గాలి, నుదుటి మీద తడిగుడ్డ. మొదటిసారి వచ్చిన ఇంట్లో ఇలా పడుకోవచ్చా అని ఆలోచించే లోపే రోజారాణికి నిద్ర పట్టింది. లేచేసరికి సాయంత్రమైంది. వంటింట్లో సుల్తాన్ బీ స్టూలు మీద కూర్చుని ఖట్టీ దాల్‌కు చింతపండు పిసుకుతోంది. ఇంకో స్టూలు కాలితో ఇటు తోసింది.

"మీ మామ ఫోన్ల చెప్పిండు. అంత చెప్పలే, కొద్దిగ చెప్పిండు. మిగిలింది నాకు తెలుస్తది" అంది. రోజారాణి తల దించుకుంది. సుల్తాన్ బీ చేతులు కడుక్కుని, అలమరలోంచి డబ్బా తీసి గోలీలు అరచేతిలో పోసి చూపించింది. "గిది బీపీది. గిది మోకాళ్ళది. గీ చిన్నది మనసుది. మూడిట్ల ఏది గూడ ఎవ్వలకు దాసిపెట్ట."

"మనసుకు గోలీ ఏసుకుంటె పిచ్చిదనరా అమ్మా?"

"అన్నరు. మా ఆడబిడ్డ అందరి ముంగట అన్నది. అన్నంక గూడ ఏసుకున్న. ఇప్పుడు గా ఆడబిడ్డనే ఫోన్ చేసి, భాభీ, ఏ డాక్టర్ తాన్కి పోయినవని అడుగుతుంది." ఆమె నవ్వితే స్టూలు కదిలింది. రోజారాణికి కూడా పెదవి చివర నవ్వు వచ్చింది. అలా వచ్చి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

మరునాడు సుల్తాన్ బీ తనే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నొప్పులకే వైద్యం చేసే డాక్టరు మధులిక చిన్న వయసు మనిషి. దశరథం కొండగట్టుకూ వెంట మోసుకొచ్చిన రిపోర్టుల కట్టను చంకలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని మెల్లగా పక్కకు జరిపింది.

"ఇవి తర్వాత చూస్తా. ముందు మీరు చెప్పండమ్మా. ఎక్కడి నుంచి మొదలుపెట్టినా పర్లేదు."

అలా ఎవరూ అడగలేదు. ఎముకల డాక్టరు దగ్గర తలనొప్పి ఎత్తితే అది ఇక్కడ కాదనేవాడు. రోజారాణి తడబడుతూ తల నుంచి మొదలుపెట్టి కడుపు దాకా చెప్పింది. డాక్టరు లేచి వచ్చి మెడ వెనక, భుజం మీద, మోచేతి పక్కన, తుంటి దగ్గర వేలితో నొక్కుతూ పోయింది. నొక్కిన చోటల్లా రోజారాణి ఉలిక్కిపడింది.

"మెత్తగనే నొక్కుతున్నా. అయినా నొస్తుంది కదా?"

"గోటితోని పొడిచినట్టుంది మేడం."

"మీ నొప్పి నిజమమ్మా. రిపోర్టులో కనిపించకపోయినా నిజమే."

రోజారాణి ఏడ్చింది. ఏడాదిగా రాని ఏడుపు, డాక్టరు గదిలో, పరాయి వాళ్ళ ముందు, ఆపుదామన్నా ఆగకుండా వచ్చింది. డాక్టరు మధులిక తొందరపెట్టలేదు. నీళ్ళ సీసా ఇచ్చి, కాసేపటికి అడిగింది. "నిద్ర పడుతుందా? మనసు ఎట్లుంటుంది?"

"మంచిగనే ఉంటది మేడం."

"అబద్ధం." మూల కుర్చీలోంచి దశరథం అన్నాడు. "అబద్ధం చెప్తుంది మేడం. నా కోడలు నాతోని కొట్లాడుతలేదు."

డాక్టరుకు అర్థం కాలేదు. "కొట్లాడకపోతే మంచిదే కదా పెద్దాయనా?"

"ఏం మంచిది మేడం! పెండ్లై వచ్చినకాడికెల్లి కొట్లాడింది. నేను బీడి తాగితె కొట్లాడింది. తాగకుంటె ఏమాయె, పానం బాగలేదా అని కొట్లాడింది. ఇప్పుడు ఏడాదాయె, ఒక్క మాటంటలేదు. కావాల్నని ఆమె మంచం ముంగట పొగ పెట్టిన. టీవి పెద్దగ పెట్టిన. ఆమె పెట్టుకున్న బీర పాదు గుంజి పారేసిన. అయినా ఏమంటలేదు. నాకు మీ సదువు తెల్వది గని, మేడం, గిదైతె నార్మల్ గాదు."

రోజారాణి కొంగుతో ముక్కు తుడుచుకుని మెల్లగా తల తిప్పింది.

"బీర పాదు నువ్వే పీకినవా?"

"పీకిన."

"పందికొక్కంటివి గదా మామా! పూత మీదున్న పాదు!"

"ఇప్పుడడుగుతున్నవు. అప్పుడడిగితే ఏమాయె?" అని దశరథం గొంతు పెంచబోయి, ఆగి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. సుల్తాన్ బీ ఆయన్ని బయటికి తీసుకెళ్ళింది.

ఇద్దరే మిగిలాక డాక్టరు సూటిగా అడిగింది, చనిపోవాలని అనిపిస్తోందా అని. రోజారాణి చెప్పింది. డాక్టరు ముఖంలో బెదురు లేదు, తిట్టు లేదు. పై అంతస్తులో ఉండే మానసిక వైద్యుడు షాబాజ్‌కు అప్పటికప్పుడే ఫోను చేసింది. "ఇవాళే చూపించుకోండి. మీకున్నవి రెండు మూడు జబ్బులు. తలకు మైగ్రేన్. ఒళ్ళంతా ఉన్నది ఫైబ్రోమయాల్జియా. ఒంట్లో దెబ్బలేమీ లేవు, నొప్పిని మెదడుకు తెలిపే నరాలే చిన్న దాన్ని పెద్దది చేసి చెబుతున్నాయి. మూడోది డిప్రెషన్. ఇది మీరు తెచ్చిపెట్టుకున్న రంది కాదు. అది కూడా జబ్బే. ఒకటి పెరిగితే ఇంకోటి పెరుగుతుంది. అందుకే విడివిడిగా చూస్తే తగ్గలేదు."

రోజూ వేసుకునే నొప్పి గోలీలను కూడా పక్కకు తీసింది. వాటిని అలా నెలల తరబడి మింగితే అవే తలనొప్పి తెస్తాయని, తాను చెప్పిన పద్ధతిలో మానేయాలని చెప్పింది.

"మొత్తానికి పోతదా మేడం?"

"మొత్తానికి పోతుందని చెప్పనమ్మా. తగ్గుతుంది. ఇప్పటికంటే చాలా బాగుంటారు. కొంచెం టైము పడుతుంది."

ఇన్నాళ్ళలో ఒక డాక్టరు మాట నమ్మాలనిపించడం అదే మొదలు. పూర్తిగా పోతుందని చెప్పి ఉంటే నమ్మేది కాదు.

రోజారాణి పై అంతస్తుకు మెట్లెక్కింది. తలుపు మీద రాసినది చదివి ఆగిపోయింది. సుల్తాన్ బీ ఆమె చెయ్యి తన చంకలో ఇరికించుకుని, "పా. నాకు గూడ ఇయ్యాల్ల అపాయింట్‌మెంట్ ఉన్నదనుకో" అని లోపలికి నడిచింది. డాక్టరు షాబాజ్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. మందు రాశాడు, వారం వారం మాట్లాడడానికి రమ్మన్నాడు. చివరగా, ఆ ఆలోచన మళ్ళీ వస్తే ముందు ఎవరికి చెప్తావని అడిగాడు.

"మా మామకు" అంది రోజారాణి.

సాయంత్రానికి ఓదెలు బండి మీద కరీంనగర్ వచ్చాడు, డ్యూటీ బట్టల మీదనే. తండ్రి ఫోనులో ఏం చెప్పాడో, డాక్టరు ఏం చెప్పాడో, ముఖం పాలిపోయి ఉంది. బండి వెనక ఆమెను ఎక్కించుకుని చౌరస్తా దాటాడు. తర్వాత బండి పక్కకు ఆపాడు.

"గింత పరేషాన్‌ల ఉండి నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తె స్కానింగ్ అంటవని."

ఓదెలు నవ్వబోయాడు. నవ్వు కాలేదు. రోడ్డు వైపు ముఖం తిప్పుకుని భుజాలు కదుపుతూ నిలబడ్డాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. "ఇప్పటికెల్లి చెప్త" అంది.

మొదటి వారాలు ఘోరంగా గడిచాయి. నొప్పి గోలీలు మానేసేసరికి తలనొప్పి రెట్టింపైంది. కొత్త మందుకు నోరెండిపోయేది, పగలంతా మత్తుగా ఉండేది. ఈ వైద్యం నాకు వద్దని రోజారాణి ఒకటికి పదిసార్లు అంది. మధులిక మేడం ముందే చెప్పింది కాబట్టి ఇంట్లో ఎవరూ బెదిరిపోలేదు. ఓదెలు కిటికీలకు దుప్పట్లు కట్టాడు. దీపిక పోపు పెట్టని కూరలు వండడం నేర్చుకుంది. అవి ఎవరూ తినలేకపోయారు, అయినా తిన్నారు.

సరిగ్గా అప్పుడే వినాయక చవితి వచ్చింది. సందు చివర మండపం, మండపం ముందు మనిషెత్తు స్పీకర్లు. తండ్రీకొడుకులు వెళ్ళి కుర్రాళ్ళను బతిమాలారు. దశరథం వినాయకుడికే దండం పెట్టి, "స్వామీ, జర చెవులు మూసుకో, నీ పిలగాండ్లతోని మాట్లాడాలె" అనేసరికి వాళ్ళు నవ్వి, స్పీకర్లను అటు వైపుకు తిప్పారు. అటు ఉన్నది కనకవ్వ ఇల్లు. ఇన్నేళ్ళకు దేవుడి పాటలు తనకు స్పష్టంగా వినపడుతున్నాయని ఆ ముసలావిడ మండపానికి రోజూ ఉండ్రాళ్ళు పంపింది.

పండగ వెళ్ళాక తలనొప్పి మధ్యలో విరామం ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక పొద్దున రోజారాణి నిద్ర లేచి, జడ అల్లుకుని, అల్లుకున్న సంగతి తర్వాత గమనించింది. డాక్టరు రోజూ కొద్దికొద్దిగా నడవమంది. మామ తోడు వచ్చేవాడు. నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి తిరిగి రావడం. మొదట్లో ఆమె మెల్లగా నడిచేది, ఆయన ఆగేవాడు. కొన్నాళ్ళకు ఆమె ఆగాల్సి వచ్చింది.

"నీకు నడుం నొస్తుంది మామా. కరీంనగర్ బస్సులనే చూసిన."

"బాయిల పనిచేసినోనికి నడుం నొయ్యకుంటదా? గది మామూలే."

"మామూలా? నాకు మామూలు గాదు, నీకు మామూలా? నన్ను ఊర్లన్ని తిప్పి నువ్వు చూపెట్టుకోవా?"

ట్యాంకు దగ్గర నడిరోడ్డు మీద ఇద్దరూ గొంతెత్తి కొట్లాడుకున్నారు. నీళ్ళకు వచ్చిన వాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. దశరథం ఓడిపోయాడు. తర్వాతి వారం మధులిక మేడం ఆయన నడుముకు కూడా కసరత్తులు చెప్పింది. పొద్దున్నే వరండాలో మామాకోడళ్ళు ఇద్దరూ చాపల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు పైకి లాక్కుంటుంటే, ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు.

చలికాలంలో మళ్ళీ మంచం పట్టింది. కారణం లేదు. ఒళ్ళు బిగుసుకుపోయింది, దాని వెనకే మనసు కూడా. గోడ వైపు తిరిగి పడుకుంటే, చేసినదంతా వృథా అయిందనిపించింది. పాత ఆలోచన గుమ్మం దాకా వచ్చింది. ఈసారి ఆమె మామను పిలిచింది. "మామా, మల్ల అట్లనే అనిపిస్తుంది." దశరథం ఏమీ అడగకుండా చెప్పులు వేసుకున్నాడు. డాక్టరు షాబాజ్ మందు మోతాదు మార్చి, "తిరగబెట్టింది, అంతే. మొదటికి రాలేదు. అప్పుడు చెప్పడానికి ఏడాది పట్టింది, ఇప్పుడు వెంటనే చెప్పినవు" అన్నాడు. సుల్తాన్ బీ రోజూ ఫోను చేసేది. ఎలా ఉన్నావని అడిగేది కాదు. ఆ పూట ఏం వండిందో, అందులో కోడలు ఏం పాడుచేసిందో, సర్దార్ దేనికి అలిగాడో చెప్పి పెట్టేసేది. కొన్ని రోజులు రోజారాణి ఊఁ కూడా కొట్టేది కాదు. అయినా ఫోను వచ్చేది.

ఎండలు ముదిరే నాటికి బడి వాళ్ళు ఒంటిపూట బడికి రమ్మన్నారు. వెళుతోంది. తలనొప్పి వచ్చిన రోజు హెడ్‌మాస్టరు గదిలో లైటు తీసి పడుకుంటుంది. ముందైతే సిగ్గుతో చచ్చిపోయేది. నొప్పులు ఉన్నాయి. లేని రోజులూ ఉన్నాయి. ఉన్న రోజుల్లోనూ ఒళ్ళు నొస్తున్నా కూరగాయలు బేరమాడుతుంది, దీపిక మీద కేకలేస్తుంది.

వేసవి సెలవుల్లో సర్దార్, సుల్తాన్ బీ మందమర్రి వచ్చారు. వాళ్ళ రాక కోసం రోజారాణి తెల్లారకముందే లేచింది. నాటుకోడి, బగారన్నం, గారెలు, ఏవేవో మనసులో పెట్టుకుంది. మసాలా నూరి, ఉల్లిగడ్డలు కోసి, కోడిని కడిగి పెట్టేసరికి మెడ వెనక మొదలైంది. చేతులు బరువెక్కాయి. పొయ్యి ముందు ఒక్క నిమిషం నిలబడి ఆలోచించింది. తర్వాత చేతులు కడుక్కుని ముందు గదిలోకి వచ్చింది.

"అమ్మా, నాకు ఇగ చాతనైతలేదు. జర పండుకుంట."

"నేను గూడ గదే అందామనుకుంటున్న బేటీ. బస్సుల మోకాళ్ళు వాసిపోయినయి" అంది సుల్తాన్ బీ. ఇద్దరూ లోపలి గదిలో కూలరు పెట్టుకుని ఒకే మంచం మీద పడుకున్నారు. సుల్తాన్ బీ ఒక్కతే ముప్పావు మంచం ఆక్రమించింది.

వంటింట్లో మగవాళ్ళు ముగ్గురూ చేరారు. గిన్నెలు దొర్లుతున్నాయి. సర్దార్ నూనె ఇంకా పొయ్యమంటున్నాడు, దశరథం వద్దంటున్నాడు. ఓదెలు డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా మూత తీసి వాసన చూస్తున్నట్టుంది.

"మసాల ఏడున్నదో దొరుకుతలేదనుకుంట" అంది సుల్తాన్ బీ, కళ్ళు తెరవకుండానే.

"చెప్పాల్నా?"

"వద్దు. ఎతుక్కోనియ్యి."

రోజారాణి పక్కకు తిరిగి మెడ కింద మెత్తను సరిచేసుకుంది. వంటింట్లోంచి ఏదో మాడుతున్న వాసన వచ్చింది. లేవాలా అని చూసి, లేవలేదు.